డాబా మీద లేని అంతస్తు

శుభవార్త వచ్చేసరికి దేవిశ్రీ ఆఫీసు మీటింగులో ఉంది. మీటింగంటే, మదీనాగూడలో అత్తవారింటి పై వాటాలో, మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుందన్నమాట. తెర మీద ఎవరో రంగురంగుల గడులు చూపిస్తూ ఒకే మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ చెబుతున్నారు. ఆమె దృష్టంతా కాలి మట్టెల మీద ఉంది. పెళ్లయి నెలలు గడిచినా ఆ మట్టెలను చూసుకుంటే ఇప్పటికీ ఆమెకు నవ్వొస్తుంది. తన కాళ్లు తనవి కానట్టు, ఎవరో పెద్దావిడ దగ్గర అడిగి తెచ్చుకున్నట్టు ఉంటాయి.

ఫోను చిన్నగా మోగింది. చదివింది. మళ్లీ చదివింది. ఇంటిపన్ను మీద తను పెట్టుకున్న అభ్యంతరాన్ని స్వీకరించారట. ఇల్లు చూసి సరిచేయడానికి ఇవాళ మధ్యాహ్నమే ఇన్‌స్పెక్టర్ వస్తాడట.

“వస్తున్నాడూ!” అని అరిచింది.

మైకు ఆపడం మరిచిపోయింది. తెర మీద గడులు ఆగిపోయాయి.

“ఎవరు వస్తున్నారు దేవిశ్రీ? క్లయింటా?” అన్నాడు టీమ్ లీడ్ రోహిత్.

“కాదు రోహిత్. ఇంటిపన్ను ఇన్‌స్పెక్టర్.”

అప్పటికే ఎవరో తొందరపడి ఉయ్యాల బొమ్మా, పాలసీసా బొమ్మా పెట్టి అభినందనలు పంపించారు. దేవిశ్రీ వాటికి థాంక్స్ చెప్పి, ల్యాప్‌టాప్ మూసి, మెట్లు దిగి కింద వాటాలోకి పరుగెత్తింది.

అత్తగారు పుణ్యవతి వంటింట్లో పెసరపప్పు కడుగుతోంది. దేవిశ్రీ వెనక నుంచి వెళ్లి ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుంది.

“వస్తున్నాడు అత్తయ్యగారూ! ఇవాళే! డాబా చూడ్డానికి!”

“నిజంగానా? ఆ మహానుభావుడికి కాళ్లున్నాయటే?” అంది పుణ్యవతి, తడి చెయ్యి కోడలికి తగలకుండా దూరంగా పట్టుకుని నవ్వుతూ. “మొన్న నువ్వెళ్తే కుర్చీకి అతుక్కుని ఉన్నాడన్నావుగా?”

వరండాలో పేపరు చదువుతున్న మామగారు సోమేశ్వరరావు మాత్రం నవ్వలేదు. పేపరు మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు.

“ఇవాళేనా?” అన్నాడు. “అయితే తమ్ముడు రవికి ఓ మాట చెప్పాలి.”

రవి పేరు వినగానే అత్తాకోడళ్లిద్దరి మొహాల్లో నవ్వు ఒక్కసారే ఆరిపోయింది.

జరిగింది చెబితే నవ్వాలో తిట్టాలో తెలియదు. దేవిశ్రీ మొదట్లో నవ్వింది, ఆ తరువాత తిట్టడం మొదలుపెట్టి ఇంకా ఆపలేదు.

పెళ్లి కార్తీకంలో తణుకులో జరిగింది. మరునాడు పెళ్లికూతురిని తీసుకొచ్చి ఇక్కడ సత్యనారాయణ వ్రతం, భోజనాలు పెట్టుకున్నారు. కింద చోటు లేదు కాబట్టి డాబా మీద షామియానా వేశారు. ఎర్రగుడ్డ, పసుపుగుడ్డ చారలు చారలుగా డాబా అంతా కప్పేసింది. గేటుకు అరటిచెట్లు, సీరియల్ లైట్లు, థర్మాకోల్ మీద మెరుపుకాగితంతో పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురి పేరూ. భోజనాలయ్యాక టెంటు హౌసు వాడు వచ్చి విప్పుతానంటే పుణ్యవతి ఒప్పుకోలేదు. పదహారు రోజుల పండగ కాకుండా పెళ్లిపందిరి విప్పే ఆచారం వాళ్ల ఇంట లేదు. టెంటువాడు గొణిగాడు, ఎక్కువ కిరాయి అడిగాడు, చివరికి ఊరుకున్నాడు. పందిరి ఉండిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటిపన్ను సర్వే కోసం ఆ వీధి మీద డ్రోను తిరిగింది. పెళ్లి వీడియో వాళ్లది కూడా అలాంటిదే తిరిగింది కదా, వాళ్లే ఏదో మరిచిపోయి మళ్లీ వచ్చారనుకుని పుణ్యవతి పందిరి అంచున నిలబడి, చెంగు సర్దుకుని, పైకి చూసి చక్కగా నవ్వింది.

కొన్నాళ్లకు నోటీసు వచ్చింది. ఇంటికి రెండో అంతస్తు ఉందట. ఆ అంతస్తులో ఫంక్షన్ హాలు నడుస్తోందట. కాబట్టి ఇకనుంచి వ్యాపారం చేసుకునే ఇళ్లకు వేసే పన్ను కట్టాలట.

డ్రోను ఎగరేసినవాడు గుడ్డను చూసి కప్పు అనుకున్నాడు. వాడి తరువాతివాడు గేటు ఫోటోలో లైట్లు చూసి ఫంక్షన్ హాలు అనుకున్నాడు. ఆ తరువాతివాడు ఏమీ అనుకోలేదు, సంతకం పెట్టేశాడు. పిల్లలాటలో ఒకడి కళ్లకు గంతలు కడతారు. ఇక్కడ ముగ్గురూ ఎవరి గంతలు వాళ్లే కట్టుకుని ఆడారు. దానికి నెలనెలా జీతాలు కూడానూ!

దేవిశ్రీ నోటీసు పట్టుకుని ఇంటిపన్ను ఆఫీసుకు వెళ్లింది. పెళ్లయ్యాక మొదటిసారి ఇంటి పని మీద ఒంటరిగా బయటికి వెళ్లడమని మంచి నేత చీర కట్టుకుని మరీ వెళ్లింది. చీర వృథా అయింది. వీరేశం అనే ఇన్‌స్పెక్టర్ ట్యాబులో ఫోటో తెరిచి ఆమె మొహం ముందు పెట్టాడు.

“అది షామియానా అండీ. మా పెళ్లిది. గుడ్డ.”

“గుడ్డనో, రేకో, స్లాబో, పైకెళ్లి చూస్తే ఒక్క తీరుగనే ఉంటది మేడం.”

“అందుకే మీరొచ్చి చూడండి మరి.”

“చూడనీకి ఫోటో ఉన్నది గద!” అన్నాడు వీరేశం, చిన్నపిల్లకు చెబుతున్నట్టు. “ఫోటో అబద్ధమాడుతదా? గిదో, ఫంక్షన్‌కి వచ్చిన ఆంటీ గూడ ఉన్నది. ఎంత మంచిగ నవ్వుతున్నదో చూడుండ్రి.”

ఆంటీ తన అత్తగారని చెప్పి, దేవిశ్రీ అక్కడే కూర్చుని అభ్యంతరం రాసిచ్చి వచ్చింది. ఇంటికొచ్చాక పుణ్యవతి మటుకు ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: “ఫోటోలో ఏ చీర కట్టుకున్నానే?”

అక్కడితో అయిపోవలసిన గొడవ మూసాపేట నుంచి మళ్లీ మొలిచింది. సోమేశ్వరరావు తమ్ముడు రవికిరణ్ ఉండేది మూసాపేటలో. ఆయన చేసే పని పేరు కన్సల్టెన్సీ. ఎవరేం చెప్పినా “నాకు వదిలెయ్, నేను చూసుకుంటా” అనడమే ఆ కన్సల్టెన్సీ. ఆయన చూసుకున్న పనుల్లో పూర్తయినది ఒక్కటీ ఎవరూ చూడలేదు. కానీ ఆయన మెడలో గొలుసు మాత్రం ఏటేటా లావవుతోంది.

నోటీసు సంగతి తెలిసిన రోజు ఆయన వచ్చి, చదివి, కళ్లు మెరిపించాడు.

“అన్నయ్యా, ఇది పన్ను కాదు. పర్మిషను! ఊళ్లో జనం కట్టిన అంతస్తుని రికార్డులోకి ఎక్కించలేక చస్తున్నారు. నీకు రికార్డులో అంతస్తు వచ్చి కూర్చుంది. కట్టుకోవడమొక్కటే తరువాయి. రేకులతో గదులేసి మగపిల్లల హాస్టలుకి ఇచ్చేద్దాం. పార్టీ నా దగ్గరుంది. నాకు వదిలెయ్.”

“లేని అంతస్తుకి పన్ను కడితే ఉన్నట్టవుతుందా చిన్నమావయ్యగారూ?” అంది దేవిశ్రీ.

“నీకు తెలీదమ్మాయ్. నువ్వు కొత్త.”

సోమేశ్వరరావు నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. కంటికి కనిపించేదానికంటే ఫైలులో రాసి ఉన్నదానికే విలువ ఇస్తూ బతికాడు. నోటీసు అందిన సాయంత్రం ఆయన మెల్లగా డాబా ఎక్కి, నాలుగు వైపులా చూసి, దిగి వచ్చాడు. తన కళ్లబడని అంతస్తు ఏదైనా ఉందేమోనని! అలాంటి మనిషికి తమ్ముడి మాట వేదంలా వినిపించింది. “సర్కారే ఉందంటుంటే మనం లేదనడం బాగుంటుందా?” అని వారం పాటు తనలో తనే అనుకున్నాడు.

భర్త శ్యామ్‌ని అడిగితే “చూద్దాం” అన్నాడు. మొగుడంటే దేవిశ్రీకి ప్రాణం. అతను సాక్సులు విప్పి ఉండచుట్టి బుట్టలోకి విసిరితే గురి తప్పకుండా పడటం కూడా ఆమెకు గొప్పే. కానీ ఆ “చూద్దాం” అన్న మాట వింటే మాత్రం నిలువునా అసహ్యం పుడుతుంది. చూద్దాం అనేవాళ్లు చూడరు. చూస్తూ ఉండిపోతారు.

ఆమెకు కావలసింది ఆ డాబా. చుట్టూ అన్నీ అపార్టుమెంట్లు, హాస్టళ్లు లేచిపోగా, ఆ వీధిలో కాస్త ఆకాశం మిగిలింది ఆ డాబా మీదే. ఎదురుగా రెండు హాస్టళ్ల మధ్య సన్నని సందు. ఆ సందులోంచి దూరంగా హైటెక్ సిటీ అద్దాల భవనాలు కనిపిస్తాయి. సాయంత్రం వెనకవైపు పొద్దు గుంకుతుంటే ఎదురుగా ఆ అద్దాల్లో ఇంకో సూర్యుడు వెలుగుతాడు. కొత్తగా వచ్చిన వారంలో శ్యామ్ ఆమెను నడుమ నిలబెట్టి, “ఇటో సూర్యుడు, అటో సూర్యుడు” అని చూపించాడు. ఆ రోజు నుంచి అతను త్వరగా వస్తే ఇద్దరూ, ఆలస్యమైతే ఆమె ఒక్కతే, ఏదో ఒకటి నములుతూ అక్కడ కూర్చోవడం అలవాటైంది. కింద వాటాలో మామగారి టీవీ, పై వాటాలో ఆఫీసు మీటింగులు. వాళ్లిద్దరూ గట్టిగా నవ్వుకునే చోటు అదొక్కటే. అక్కడ మగపిల్లల మంచాలు వేసి, బకెట్లు పెట్టి, తీగలకు బనియన్లు ఆరేస్తారట. దానికి పేరు పర్మిషను!

మధ్యాహ్నం భోజనాలు అవుతుండగానే గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. నిండా ఇనుప పైపులు, రేకులు. వాటి ముందు, పెళ్లికొడుకు ఊరేగింపులో బంధువులా, రవికిరణ్.

“వాడొచ్చేలోగా నాలుగు పైపులు నిలబెట్టి రేకులు పరిచేద్దాం అన్నయ్యా. వచ్చినవాడు రికార్డు కరెక్టే అని రాసుకుని పోతాడు. నాకు వదిలెయ్.”

“చిన్నమావయ్యగారూ, అభ్యంతరం పెట్టింది నేను. లేదని రాసిచ్చింది నేను. ఇప్పుడు రేకులు కనిపిస్తే అబద్ధమాడింది నేనవుతాను.”

“అబద్ధం కాదమ్మా, అడ్జస్ట్‌మెంటు. కోడలివి, నువ్వు లోపలికెళ్లి ఏసీ వేసుకుని నీ కంప్యూటరు చూసుకో. వదినా, కాస్త మంచి కాఫీ!”

పుణ్యవతి కదలలేదు. “మరిదిగారూ, ఇందాకే పప్పు నానబోశాను. వచ్చిన ఆఫీసరుకి పునుగులు వేస్తాను. మిగిలితే మీకు కాఫీ.”

పైపులు దించారు గానీ పైకి చేరలేదు. మెట్లు మలుపు తిరిగే చోట పొడుగు పైపు గోడకు తట్టి నిలిచిపోయింది. అటు తిప్పారు. ఇటు తిప్పారు. తమ్ముడు పైనుంచి “లాగు” అంటే అన్న కిందనుంచి “నెట్టమన్నావా?” అన్నాడు. ఇల్లు కట్టినవాడిని రవికిరణ్ తిట్టాడు. కట్టించింది తనేనని సోమేశ్వరరావు చిన్నబుచ్చుకున్నాడు. చివరికి పైపులు కారు పెట్టే చోట అడ్డంగా పడుకున్నాయి, వాటిని ఎక్కించడానికి నలుగురు కూలీలు కావాలని తేలింది. ఆటో అతను “ఇంకో కిరాయి ఉన్నది సార్” అని వెళ్లిపోయాడు. దేవిశ్రీ ఆ తతంగమంతా కిటికీలోంచి చూసింది. ఒక అంతస్తును ఊరికే లేపేస్తానన్న మనిషి ఒక పైపును మెట్లెక్కించలేకపోయాడు. ఇంత హాయి ఆమెకు ఈ మధ్య ఏ సినిమాలోనూ దొరకలేదు.

వంటింట్లోకి వెళ్లి అత్తగారి చెవిలో ఏదో చెప్పింది. పుణ్యవతి ఆమె బుగ్గ గిల్లింది.

మధ్యాహ్నమన్న వీరేశం సాయంత్రం ఎండ వాలాక గానీ రాలేదు. స్కూటరు మీద కూర్చునే గేటులోంచి ఇంటిని చూశాడు. దిగలేదు.

“మేడం, ఎక్కనీకి ఏమున్నది? మీరే పైకెళ్లి ఫోటో తీసి పంపుండ్రి. నేను రాసుకుంట.”

“ఫోటో చూసే కదండీ మీకు ఫంక్షన్ హాలు కనిపించింది? ఈసారి సినిమా హాలు కనిపిస్తే మేం తట్టుకోలేం.”

“సార్, సార్!” అంటూ రవికిరణ్ ముందుకు వచ్చి స్కూటరు హ్యాండిల్ పట్టుకున్నాడు. “ఎక్కకండి సార్, ఎందుకు శ్రమ? అంతా కరెక్టే. ఆ అర్జీ మేం వాపసు తీసుకుంటున్నాం. అన్నయ్య సంతకం పెడతాడు. కదన్నయ్యా?”

సోమేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. దేవిశ్రీ ఆయన మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకుని పైపుల వైపు చూశాడు. ఒక్క సంతకం పడితే డాబా పోయినట్టే.

“సంతకానిదేముంది, పెట్టుకోవచ్చు. ముందు ఫలహారం చెయ్యనివ్వండి,” అంది దేవిశ్రీ, గొంతులో తేనె పోసుకుని. “పైన పెట్టించాం సార్. వేడి పునుగులు, అల్లం పచ్చడి. ఫంక్షన్ హాలు పెట్టుకుని అతిథికి గేటు దగ్గర పెడితే బాగుంటుందా చెప్పండి.”

నిజంగానే డాబా మీదనుంచి వాసన దిగి వస్తోంది. పుణ్యవతి గ్యాసు బండనూ మూకుడునూ పైకి చేర్పించింది. వీరేశం ముక్కు ఎగబీల్చాడు. స్కూటరుకు స్టాండు వేశాడు. ఫోటో అబద్ధమాడదన్న మనిషి, పునుగుల వాసన కూడా ఆడదని నమ్మి మెట్లెక్కాడు.

ఎక్కేసరికి రొప్పుతున్నాడు. పైన ఖాళీ స్లాబు. ఒక మూల నీళ్ల ట్యాంకు. ఒక పాత చీర మీద ఎండుమిరపకాయలు. బట్టలారేసే తీగ. ట్యాంకు నీడలో మూకుడు ముందు పుణ్యవతి. అంతే.

“రండి సార్,” అంది దేవిశ్రీ, చెయ్యి చాపి చూపిస్తూ. “ఇదే మెయిన్ డైనింగ్ హాలు. ఆ ట్యాంకున్న చోట స్టేజి. పార్టీలకు మిరపకాయల మీదే కూర్చోబెడతాం. ఏసీ ఫుల్లుగా పెట్టాం, చలిగా ఉంటే చెప్పండి.”

వీరేశం చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. “ఎగతాళి చేస్తున్నరా మేడం?”

“లేదండీ. మీ రికార్డు చదువుతున్నాను.”

అతను ఒక పునుగు నోట్లో వేసుకున్నాడు. కాలింది. ఊదుకుంటూ పుణ్యవతి వైపు చూసి, “అరే, ఫోటోల ఉన్న ఆంటీ మీరే గద!” అన్నాడు.

“నేనే నాయనా. ఫోటో బాగా వచ్చిందట కదా, ఒకసారి చూపించు,” అంది పుణ్యవతి.

రవికిరణ్‌కు ఓపిక నశించింది. “సార్, ఇవాళ ఖాళీగా ఉంది గానీ రేపటికి ఉండదు. షెడ్డు లేస్తోంది. కింద సామాను చూశారుగా. రికార్డు ఉన్నది ఉన్నట్టుంచెయ్యండి, మీకూ పని తప్పుతుంది.”

వీరేశం నమలడం ఆపాడు. పని తప్పుతుందన్న మాట అతనికి నచ్చినట్టే ఉంది. “షెడ్డు ఎవరిది? ఎవరి పేరు మీద రాయాలె?”

“చిన్నమావయ్యగారిదే సార్,” అంది దేవిశ్రీ వెంటనే. “పైపులు ఆయనవి, రేకులు ఆయనవి, హాస్టలు పార్టీ ఆయనది. ఆయన పేరు మీదే రాసుకోండి.”

“నా పేరెందుకమ్మా మధ్యలో?”

“ఎవరిదో ఒకరిది రాయాలె గద సార్,” అన్నాడు వీరేశం, ట్యాబు బయటికి తీసి. “మీ ఇల్లు యాడ?”

“మూసాపేట,” అన్నాడు రవికిరణ్, నోట్లో నోట్లో.

అప్పుడు మాట్లాడాడు సోమేశ్వరరావు. ఇందాకట్నుంచి కోడలికీ తమ్ముడికీ మధ్య నలిగిపోతున్న మనిషికి, హాయిగా చెప్పగలిగిన సంగతి ఒకటి దొరికింది. తమ్ముడి గొప్ప.

“మూసాపేటలో మెట్రో దిగితే కనిపిస్తుందండీ మావాడి ఇల్లు! పైన పెంట్‌హౌసు కట్టుకున్నాడు. ఏం పెంట్‌హౌసనుకున్నారు? పాలరాయి, ఉయ్యాల, పూలకుండీలు. ఇంటి నంబరు కూడా నాకు నోటికొచ్చు.” చెప్పేశాడు కూడా.

“అన్నయ్యా!” అన్నాడు రవికిరణ్.

వీరేశం వేలితో కొట్టాడు. చూశాడు. పునుగు అందుకుని, చూస్తూ నమిలాడు. “మా ఏరియా కాదు గని, కనపడుతది. పెంట్‌హౌస్ ఏది సార్? ఇందుల గ్రౌండ్ ఫ్లోరు, ఫస్ట్ ఫ్లోరే ఉన్నయ్. పైన ఖాళీ డాబా అని ఉన్నది.”

సోమేశ్వరరావు ట్యాబులోకి ఓసారి, తమ్ముడి మొహంలోకి ఓసారి చూశాడు.

“ఖాళీ డాబా ఏమిట్రా?” అన్నాడు సోమేశ్వరరావు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. “గృహప్రవేశానికి మేమంతా వచ్చాం కదా. అక్కడే కదా పులిహోర తిన్నాం.”

“అది... టెక్నికల్‌గా అన్నయ్యా...”

“నాకేమో లేని అంతస్తుకి పన్ను కట్టమన్నావు. కడితే పర్మిషనన్నావు.” ఆయన ఒక్కో మాటా ఫైలు చదువుతున్నట్టు మెల్లగా అంటున్నాడు. “అంత మంచిదైతే, ఉన్న అంతస్తుకి నువ్వెందుకు కట్టట్లేదురా?”

“నీకు తెలీదన్నయ్యా, అదంతా నేను చూసుకుంటున్నా...”

“అవును. నీది నువ్వు చూసుకుంటున్నావు.”

రవికిరణ్ జేబులో ఫోను మోగలేదు. అయినా తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. “ఆఁ సార్, ఆఁ, వచ్చేస్తున్నా సార్,” అంటూ మెట్ల వైపు నడిచాడు. దిగేటప్పుడు కింద పైపు తగిలి తూలిన చప్పుడు పైదాకా వినిపించింది. పుణ్యవతి మూకుడులోంచి తల ఎత్తకుండానే, “కాఫీ తాగకుండానే వెళ్లిపోతున్నారా మరిదిగారూ?” అని కేకేసింది.

సోమేశ్వరరావు డాబా నడిమధ్యకు వెళ్లి నిలబడ్డాడు. మొన్న అంతస్తును వెతుక్కుంటూ వచ్చి నిలబడిన చోటే. ఈసారి ఆయన నాలుగు వైపులా చూడలేదు. వీరేశం వైపు తిరిగి, “ఇక్కడ ఏమీ లేదండీ. కొట్టెయ్యండి. సంతకం ఎక్కడ పెట్టమంటారు?” అన్నాడు.

దేవిశ్రీకి ఆయన్ను కూడా అత్తగారిని వాటేసుకున్నట్టే వాటేసుకోవాలనిపించింది. బాగుండదని ప్లేటులో ఇంకో నాలుగు పునుగులు వేసి ఆయన చేతికిచ్చింది.

“మీదేం పోయింది, ఇగ నా పనే పెరిగింది,” అని గొణుగుతూ వీరేశం రాసుకున్నాడు. చేసిన తప్పుకు ఒక్క ముక్క విచారం లేదు. తప్పు డ్రోనుదట, డ్రోను తప్పు కంపెనీదట, కంపెనీ తప్పు గాలిదట. ఇలాంటి పరేషాన్ లేకుండా ఉండాలంటే జనం పెళ్లిళ్లు ఫంక్షన్ హాళ్లలోనే చేసుకోవాలని ఓ సలహా కూడా ఇచ్చాడు. దేవిశ్రీ ఆ సలహాను ఎంగిలి విస్తరిని చూసినట్టు చూసింది.

“ఖాళీ డాబా అని ఫోటో పెట్టాలె. ఖాళీగుంటే స్లాబో నేలో తెల్వది, ఎవరన్న నిలబడుండ్రి.”

అదే సమయానికి ఆఫీసు బ్యాగు భుజానే ఉంచుకుని శ్యామ్ మెట్లెక్కి వచ్చాడు. కింద పైపులు, పైన ఇన్‌స్పెక్టరు, మూకుడు ముందు అమ్మ, నోటి నిండా పునుగులతో నాన్న. ఏం జరిగిందో ఊహించుకోలేక, “ఏమైంది? చూద్దాం అనుకున్నాం కదా?” అన్నాడు.

“మేం చూసేశాం,” అంది దేవిశ్రీ. “నువ్వు వచ్చి ఇక్కడ నిలబడు చాలు.”

వీరేశం వెనక్కి వెనక్కి జరిగి ట్యాబు ఎత్తాడు. వెనక పొద్దు దిగుతోంది. ఎదురుగా, హాస్టళ్ల సందులో, అద్దాల మీద రెండో సూర్యుడు అంటుకున్నాడు. ఇద్దరి మొహాలూ రెండు వైపులనుంచీ వెలిగాయి. దేవిశ్రీ శ్యామ్ చెయ్యి పట్టుకుని, పై సంవత్సరం ఏ ఆఫీసరు చూసినా కుళ్లుకునేలా నవ్వింది.

“ఉండు నాయనా, ఒక్క నిమిషం,” అని పుణ్యవతి చిల్లుల గరిటె పక్కన పెట్టి, చెంగు సర్దుకుని కోడలి పక్కకు వచ్చింది. “పాతదాంట్లో ఉన్నాను కదా. దీంట్లో లేకపోతే మళ్లీ నేనెక్కడికి పోయానని నోటీసు పంపిస్తారు.”

వీరేశం కూడా నవ్వక తప్పలేదు. ఫోటో తీసుకుని, మిగిలిన పునుగులు పొట్లం కట్టించుకుని వెళ్లిపోయాడు.

నలుగురూ డాబా మీదే కూర్చున్నారు. సంగతంతా విని శ్యామ్ చాలాసేపు నవ్వాడు. సోమేశ్వరరావు నవ్వలేదు. పిట్టగోడ మీదనుంచి వంగి కింద పడి ఉన్న పైపులను చూస్తున్నాడు.

“వాటినేం చేద్దాం నాన్నా? బాబాయ్‌ని వచ్చి తీసుకెళ్లమందామా?” అన్నాడు శ్యామ్. “చూ...” అనబోయి, పెళ్లాం మొహం చూసి ఆగిపోయాడు.

“వాడెందుకు రావడం?” అన్నాడు సోమేశ్వరరావు. కండువాతో చేతులు తుడుచుకుని, రిటైరయ్యాక మళ్లీ మొదటిసారి ఆఫీసు గొంతుతో చెప్పాడు. “రేపు పొద్దున్నే ట్రాలీ ఆటో మాట్లాడు. సామానంతా మూసాపేట తీసుకెళ్లి, ఆ లేని పెంట్‌హౌసు గుమ్మంలో నేనే దగ్గరుండి దింపిస్తాను. అమ్మాయ్ దేవీ, నువ్వు ముందు సీట్లో నా పక్కన కూర్చో. పుణ్యం, నువ్వు పులిహోర కలుపు.”